పాటల పేటలో పదహారేళ్ల ప్రశ్నలు

ఫిల్మ్‌నగర్‌లో పెరిగే పిల్లలకు తెర వెనక ఏముంటుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒకపక్క జూబ్లీహిల్స్ బంగళాల ఎత్తైన ప్రహరీలు. ఇంకోపక్క ఇరుకిరుకు బస్తీలు. కాస్త కిందికి దిగితే కృష్ణానగర్... షూటింగ్ కబురు కోసం పొద్దున్నుంచీ ఎదురుచూసే జూనియర్ ఆర్టిస్టులు, చిన్నాచితకా పనివాళ్లు. ఇవన్నీ రోజూ చూసే కుర్రాడు నోట్‌బుక్ చివరిపేజీలో ఏం గీస్తాడు? చాలాసార్లు అభిమాన హీరో బొమ్మే!

పెదవి విరవకండి. అలిశెట్టి ప్రభాకర్ కూడా కవి కాకముందు సినీతారల బొమ్మలు వేసినవాడే. 1954లో జగిత్యాలలో పుట్టిన ఆయన మొదట్లో పత్రికలకు పండగలూ పల్లెసీమలూ గీసిచ్చేవాడు. ఊళ్లోని 'సాహితీమిత్ర దీప్తి' పరిచయమయ్యాక కుంచెకి కలం తోడైంది. ఫొటో స్టూడియోతో పొట్టపోసుకుంటూ హైదరాబాద్ చేరాడు. 'సిటీలైఫ్' పేరుతో ఆంధ్రజ్యోతిలో ఏళ్లతరబడి చిట్టి కవితలు రాశాడు. నగరంలో పేదవాడి బతుకు అందులో నాలుగు పంక్తుల్లో బొమ్మకట్టేది. క్షయ వ్యాధితో 1993 జనవరి 12న, సరిగ్గా 39వ పుట్టినరోజునాడే కన్నుమూశాడు. పెద్ద పద్యాలంటే బెదిరే పిల్లలకు ఆయన కవితలు ఇచ్చి చూడండి... వదలరు.

శ్రీశ్రీ సంగతీ అంతే. 18 ఏళ్లకే, 1928లో 'ప్రభవ' అచ్చేశాడు. అందులో ఉన్నది పాత పద్ధతి పద్యమే. కూలీలూ కార్మికులూ ఆయన కవిత్వంలోకి నడిచొచ్చింది 1930ల్లో. ఆ కవితలు 'మహాప్రస్థానం' పుస్తకంగా వచ్చేసరికి 1950! 'అల్లూరి సీతారామరాజు' (1974) పాటకి జాతీయ అవార్డు అందుకున్నాడు. ఆయన కవితను ఆధారం చేసుకుని సుద్దాల అశోక్‌తేజ 'ఠాగూర్' (2003)కి రాసిన పాటకీ అదే గౌరవం దక్కింది. శ్రీశ్రీని చాలామంది పిల్లలు తొలిసారి విన్నది ఆ పాటలోనే. కాబట్టి మావాడు సినిమా పాటలే పాడతాడండీ అని వాపోవాల్సిన పనిలేదు. ఆ పాటలో అమ్మాయిని ఎలా చూపించారు, పేదవాణ్ని ఎలా నవ్వులపాలు చేశారు అని వాడు అడిగితే మాత్రం 'నీకెందుకురా' అనకండి. కవిత అక్కడే మొదలవుతుంది.

ఇక ప్రతి ఇంట్లో వినిపించే మాట ఉండనే ఉంది... 'ఈ రాతలకు మార్కులొస్తాయా?' రావు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వెలువడ్డాక 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ వార్త చదివి కలవరపడని తల్లిదండ్రులు లేరు. భోజనాల దగ్గర నోరు విప్పని పిల్ల కాగితం మీద విప్పుతుంది. ఆ కాగితాన్ని తెలుగు మాస్టారిలా ఎర్రసిరాతో దిద్దొద్దు. ప్రాస కుదరలేదనీ చెప్పొద్దు. 'ఇది ఎవరి గురించి రాశావమ్మా?' అని అడిగితే సగం కథ బయటికొస్తుంది. గదిలో చీకటి గురించే పదేపదే రాస్తుంటే మాత్రం పొగిడి వదిలేయకుండా పక్కన కూర్చోవాలి. అవసరమైతే డాక్టర్ సలహా తీసుకోవాలి.

రాసింది నలుగురికీ వినిపించాలనుకునే పిల్లలకు దూరం వెళ్లే పనిలేదు. జూబ్లీహిల్స్ పక్కనే, బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన 'లామకాన్' ఉంది. ఒకప్పుడు అది డాక్యుమెంటరీ దర్శకుడు మోయిద్ హసన్ ఇల్లు. నాటకాలూ పాటలూ చర్చలూ కవితాపఠనాలూ ఆరుబయటే జరుగుతాయి. మొదటిసారి వెళ్తే మీరూ తోడు వెళ్లండి. కాకపోతే... వెనక వరసలో కూర్చోండి!