వరదొస్తే లేచే ఇల్లు
'పంటు' సూత్రంతోనే నెదర్లాండ్స్‌లో కాలనీ.. యానాంకు పనికొస్తుందా?

యానాం: గోదావరిలో ఎర్రనీరు కనిపించిందంటే యానాంలో ఏటి ఒడ్డు కుటుంబాలకు పని మొదలైనట్టే. బియ్యం బస్తా అటకెక్కుతుంది. మంచం కాళ్ల కిందకు ఇటుకలు చేరతాయి. అయినా నీరు గడప దాటితే తాళం వేసి మెరకకు పోవడమే. 2022 జులైలో ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వచ్చినప్పుడు ఇక్కడి లోతట్టు కాలనీలు నీట మునిగాయి. 1986 ఆగస్టులో అయితే 35 లక్షల క్యూసెక్కులు! వరదకు సముద్రపు పోటు తోడైతే నీరు ఓ పట్టాన దిగదు. సముద్ర మట్టం పెరుగుతున్న ఈ రోజుల్లో ఆ బెడద ఇంకా ఎక్కువ. మరి నీటితో పాటు ఇల్లూ పైకి లేస్తే..?

అక్కడ ఏం చేశారు?

నెదర్లాండ్స్‌లో మాస్ నది పక్కన మాస్‌బొమ్మెల్ అనే ఊరుంది. 1995లో ఆ దేశంలో వరద భయంతో సుమారు రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించారు. ఆ తర్వాత 2000ల మధ్యలో ఈ ఊళ్లో నీటిలో ఎప్పుడూ తేలే ఇళ్లు 14, వరదొస్తేనే తేలేవి 32 కట్టారు. ఈ 32 ఇళ్లకు అడుగున కాంక్రీటుతో బోలు పెట్టె, పైన తేలికపాటి చెక్క ఇల్లు ఉంటాయి. మామూలు రోజుల్లో నేల మీదే. నీరు పెరిగితే ఉక్కు స్తంభాల వెంట అయిదు మీటర్ల దాకా లేస్తాయి. నీటి గొట్టాలు, కరెంటు తీగలు వంగేవే కాబట్టి తెగవు. 2011 జనవరి వరదలో ఇళ్లు నిజంగానే తేలాయి.

ఎదుర్లంక వారధి రాకముందు పంటు మీద ఏరు దాటినవారికి ఇందులో వింతేమీ లేదు. బోలు అడుగు, పైన బరువు.. సూత్రం ఒక్కటే.

చిక్కంతా వడితోనే

మాస్‌బొమ్మెల్ ఇళ్లున్నది నిలకడ నీటిలో. మన గోదావరి వరదలో చెట్లకు చెట్లే కొట్టుకొస్తాయి. ఏటి ముఖాన ఇలాంటి ఇల్లు నిలవడం కష్టం. నైజీరియాలోని లాగోస్‌లో మత్స్యకారుల వాడ మకోకో. అక్కడ ప్లాస్టిక్ పీపాలపై కట్టిన తేలే బడి 2016 జూన్‌లో గాలివానకు కూలింది. తేలితే చాలదు, గట్టి కట్టూ, ఏటేటా మరమ్మతూ కావాలి. ఖర్చు కూడా మామూలు ఇంటికంటే ఎక్కువే.

అయినా ఆలోచించాల్సిందే

ఇప్పుడు స్తోమత ఉన్నవారు మట్టి పోసి మెరక చేసుకుంటున్నారు. ఆ నీరు పక్కనున్న పేదవాడి గుమ్మంలోకి పోతోంది. తేలే ఇంటితో ఆ తగువు ఉండదు. ప్రతి ఇంటికీ కాకపోయినా, వడి తగలని చోట కాలనీకో తేలే ఆశ్రయం.. బియ్యం, మందులు, ముసలివాళ్లు, పసిపిల్లలకు చోటుండేలా.. కట్టి చూడొచ్చు. అది వేసవిలోనే జరగాలి. ఎర్రనీరు తగిలాక మిగిలేది అటకే!