దుంగను చూడని బ్యాంకు: విదేశీ కలప వర్తకంలో పరపతి పత్రం

ఉపోద్ఘాతం

రాజమహేంద్రవరంలో కలప కొనుగోలు చాలాకాలం కంటితో జరిగిన వ్యవహారం. ఎగువ మన్యంలో నరికిన టేకును, వెదురును తెప్పలుగా కట్టి గోదావరిలో వదిలితే అవి ఈ పట్టణపు రేవులకు చేరేవి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత కాలువల దారి కూడా వాటికి తెరుచుకొంది. నరసాపురం, కోరంగి ప్రాంతాల్లో ఓడలు కట్టినవారికి కావలసిన కలప ఈ నదిదే. కొనేవాడు ఒడ్డున నిలబడి దుంగను దొర్లించి చూసేవాడు. చివర పగిలిందా, లోపల డొల్లపడిందా అని తట్టి చూసేవాడు. ఆ దుంగ ఎవరిదో చెప్పడానికి సుత్తి గుర్తు ఉండేది. నీటిలో కొట్టుకువచ్చిన కలప ఎవరికి చెందుతుందన్న ప్రశ్నకు 1882 నాటి మద్రాసు అటవీ చట్టం ప్రత్యేక నిబంధనలు చేసిందంటే ఆ గుర్తుకు ఎంత విలువ ఉండేదో ఊహించవచ్చు.

ఇప్పటి కలప అడితిలో వినిపించే పేర్లు వేరు: మలేషియా సాల్, నైజీరియా టేకు, సూడాన్ టేకు, ఘనా టేకు. సముద్రం దాటి వచ్చే ఈ సరుకును కొనేవాడు ముందుగా చూడలేడు. అతని తరఫున డబ్బు చెల్లించే బ్యాంకు అసలే చూడదు. అది చూసేది కాగితాలను, వాటి మీది మాటలను. వర్తకులు ‘ఎల్.సి.’ అని పిలిచే పరపతి పత్రం (లెటర్ ఆఫ్ క్రెడిట్) ఎలా పనిచేస్తుందో వివరించడం, అందులో వస్తువును వర్ణించే భాషకు ఉన్న బలాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. విషయం వాణిజ్యశాస్త్రానిదే అయినా, ప్రశ్న నామకరణానిది కాబట్టి భాషా పరిశోధకులకూ ఇందులో పని ఉంది.

పరపతి పత్రం పనితీరు

రాజమహేంద్రవరం వర్తకుడొకరు ఘనా దేశపు విక్రేత నుంచి 300 ఘన మీటర్ల టేకు దుంగలు కొంటున్నాడనుకొందాం. సరుకు పంపాక డబ్బు రాదేమోనని అమ్మేవాడి భయం. డబ్బు పంపాక సరుకు రాదేమోనని కొనేవాడి భయం. వేల మైళ్ళ దూరం తెచ్చిన దుంగలను వెనక్కి పంపడం ఇద్దరికీ నష్టమే. కొనేవాడి బ్యాంకు ఈ ఇద్దరి మధ్య నిలబడి అమ్మేవాడికి ఒక మాట ఇస్తుంది: ‘నేను కోరిన పత్రాలను, కోరిన విధంగా, గడువులోపల సమర్పిస్తే డబ్బు నేను చెల్లిస్తాను.’ ఆ మాటే పరపతి పత్రం. విక్రేత దేశంలోని మరో బ్యాంకు దానిని అతనికి అందజేస్తుంది. విక్రేత కోరితే, కొంత రుసుముపై తానూ పూచీ పడుతుంది.

కోరే పత్రాలలో ప్రధానమైనవి ఇన్‌వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్ (నౌకా రవాణా పత్రం), ఒక్కొక్క దుంగ సంఖ్య, పొడవు, చుట్టుకొలత చూపే దుంగల జాబితా, దేశమూల ధ్రువపత్రం, చీడపీడలు లేవని చెప్పే వృక్షారోగ్య ధ్రువపత్రం. బిల్ ఆఫ్ లేడింగ్ చేతిలో లేనిదే రేవులో సరుకు విడిపించుకోవడం కష్టం. అది బ్యాంకు చేతికి వచ్చేదాకా అమ్మేవాడికి డబ్బు రాదు. బ్యాంకుతో లెక్క తేల్చుకొనేదాకా కొనేవాడికి ఆ పత్రం రాదు. భద్రత అంతా ఈ ముడిలో ఉంది.

ఈ వ్యవహారానికి పారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి 1933లో తొలిసారి ఏకరూప నియమావళిని ప్రకటించింది. నేడు అమలులో ఉన్న యు.సి.పి. 600 అనే రూపం 2007 జూలై 1 నుంచి వర్తిస్తోంది. ఇందులో 39 అధికరణాలున్నాయి. వాటిలో 4, 5 అధికరణాలు మూలస్తంభాలు. పరపతి పత్రం అమ్మకపు ఒప్పందం నుంచి వేరైనదని 4వది, బ్యాంకులు పత్రాలతోనే తప్ప సరుకుతో వ్యవహరించవని 5వది చెబుతాయి. పత్రాలు అందిన మరునాటి నుంచి గరిష్ఠంగా ఐదు బ్యాంకు పనిదినాలలో అవి సరిపోయాయో లేదో బ్యాంకు తేల్చాలి.

పరిభాష గురించి ఒక మాట. కొందరు దీనిని ‘రుణపత్రం’ అని అనువదిస్తున్నారు. ఇందులో విక్రేతకు ఎవరూ అప్పు ఇవ్వడం లేదు కనుక ఆ పదం దారి తప్పిస్తుంది. ‘పరపతి’ మేలైన పదం. ‘ఆయనకు ఊళ్లో పరపతి ఉంది’ అన్నప్పటి అర్థమే ఇక్కడా పనిచేస్తుంది. ఘనాలో పేరు తెలియని వర్తకుడు తన బ్యాంకు పరపతిని అద్దెకు తీసుకొంటున్నాడు.

మన దేశీయ హుండీలతో దీన్ని పోల్చి చూడవచ్చు. చూపగానే చెల్లించవలసిన దర్శనీ హుండీ, గడువు తీరాక చెల్లించే ముద్దతు హుండీ మనకు తెలిసినవే. పరపతి పత్రంలోనూ ఈ రెండు పద్ధతులున్నాయి. వీటికంటే ఆసక్తికరమైనది పశ్చిమ తీరపు వర్తకులు వాడిన జోఖమీ హుండీ. ఓడ మునిగితే దానిపై డబ్బు చెల్లించనక్కరలేదు, సరుకు క్షేమంగా చేరితేనే చెల్లింపు. పరపతి పత్రం ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఓడ నడిసముద్రంలో ఉన్నా, మునిగిపోయినా, పత్రాలు సరిగా ఉంటే బ్యాంకు చెల్లించి తీరాలి. ఆ నష్టభయానికి బీమా వేరుగా ఉండాలి.

‘కోరమాండల్ వేరుశనగ’ వివాదం

పత్రంలోని మాట ఎంతటి పని చేస్తుందో చెప్పడానికి న్యాయశాస్త్ర గ్రంథాలు తరచు ఉదహరించే వ్యాజ్యం మన తీరంతో ముడిపడినదే. 1940లో మద్రాసు నుంచి డెన్మార్క్‌లోని ఆర్హస్ రేవుకు సుమారు 1,400 టన్నుల వేరుశనగ అమ్మకానికి లండన్‌లోని హాంబ్రోస్ బ్యాంకు ద్వారా పరపతి పత్రం వచ్చింది. అందులో సరుకు పేరు ‘కోరమాండల్ వేరుశనగ’. బిల్ ఆఫ్ లేడింగ్‌లో మాత్రం ‘యంత్రంతో పొట్టు తీసిన వేరుశనగ గుళ్ళు’ అని ఉంది. ఈ రెండూ ఒకటేనని లండన్ నూనెగింజల వర్తకులందరికీ తెలుసు. కింది న్యాయమూర్తి అమ్మినవారి వాదనను అంగీకరించారు. 1942లో అప్పీలు కోర్టు దాన్ని తిరగవేసింది. వేలాది వర్తకాలలోని వాడుక మాటలన్నీ తెలుసుకొని ఉండవలసిన బాధ్యత బ్యాంకుకు లేదన్నది ఆ తీర్పు సారాంశం.

భాషాశాస్త్రం వైపు నుంచి చూస్తే, పర్యాయపదాలు ఉన్నాయని ఒప్పుకోని భాషా వ్యవహారం ఇది. సమాజంలో రెండు మాటలకు ఒకే అర్థం ఉండవచ్చు. బ్యాంకు బల్ల మీద ఉండకపోవచ్చు. నేటి నియమావళి ఈ కాఠిన్యాన్ని కొంత సడలించింది. ఇన్‌వాయిస్‌లోని వర్ణన పరపతి పత్రంలోని వర్ణనతో సరిపోవాలని 18వ అధికరణం పట్టుబడుతుంది. మిగిలిన పత్రాలలో పరస్పర విరుద్ధం కానంతవరకు సాధారణ పదాలు వాడవచ్చని 14వది అనుమతిస్తుంది. అయినా పత్రాలలో లోపం దొరికితే తిరస్కరించే హక్కు బ్యాంకుకు ఉంది. ఆ లోపాన్ని మన్నించాలా వద్దా అన్నది బ్యాంకు సాధారణంగా కొనుగోలుదారును అడుగుతుంది. సరుకు ఓడలో ఉండగా ధర పడిపోతే, అక్షరదోషం కూడా కొందరికి ఆయుధమవుతుంది.

కలప పేరు, కలప కొలత

వేరుశనగకంటే కలప చిక్కైన సరుకు. అడితిలో ‘సాల్’ అంటే తెలుగువారి గుగ్గిలం చెట్టు కావాలి. ‘మలేషియా సాల్’ పేరుతో అమ్మే కలప ఆ చెట్టుది కాదు; అదే షోరియా ప్రజాతికి చెందిన వేరే జాతులది. ‘ఆఫ్రికన్ టేకు’ అనే పేరు మరీ ప్రమాదకరం: ఆఫ్రికా తోటల్లో పెంచిన అసలు టేకునూ అలా అనవచ్చు, టేకు కానే కాని వేరే కలపనూ అనవచ్చు. పరపతి పత్రంలో వర్తకనామం ఒక్కటే రాస్తే, ఆ పేరుతో వచ్చిన ఏ కలపకైనా బ్యాంకు చెల్లించవలసి వస్తుంది. అందుకే టేకుకు ‘టెక్టోనా గ్రాండిస్’ అన్న శాస్త్రీయ నామాన్ని జోడించడం తెలివైన పని.

కొలత విషయంలో ఇంకో ఉచ్చు ఉంది. టేకు వర్తకంలో బ్రిటిష్‌వారి కాలం నుంచి హోపస్ పద్ధతి ఉంది: చుట్టుకొలతలో నాలుగో వంతును వర్గం చేసి పొడవుతో హెచ్చించాలి. ఈ లెక్క దుంగ అసలు ఘనపరిమాణంలో సుమారు 78.5 శాతమే చూపుతుంది. కోతలో పోయే తరుగును ముందే తగ్గించిన లెక్క ఇదని వర్తకులు సమర్థిస్తారు. కొనేవాడు మనసులో హోపస్ లెక్క పెట్టుకొని, పత్రంలో ‘300 ఘన మీటర్లు’ అని మాత్రమే రాయించాడనుకొందాం. అమ్మేవాడు అసలు ఘనపరిమాణంతో 300 పంపితే, హోపస్ లెక్కలో అవి సుమారు 235 మాత్రమే. కాగితం మీద లోపం లేదు. బ్యాంకు చెల్లిస్తుంది.

‘సుమారు’ అన్న మాటకూ ఇక్కడ నిర్ణీత విలువ ఉంది. పరిమాణానికి ముందు ఆ మాట ఉంటే 10 శాతం హెచ్చుతగ్గులు చెల్లుతాయని 30వ అధికరణం. ఆ మాట లేకపోయినా, పరిమాణాన్ని ఘన మీటర్లలో చెబితే, మొత్తం సొమ్ము దాటనంతవరకు 5 శాతం తేడా చెల్లుతుంది. ‘250 దుంగలు’ అని లెక్కగా చెబితే ఈ వెసులుబాటు లేదు. మన విశేషణాలలో ఇంత కచ్చితంగా శాతాలకు కట్టుబడినది మరొకటి ఉందో లేదో!

పత్రానికి అవతల

పత్రాలు సక్రమంగా ఉండి దుంగలు పుచ్చిపోయినవైతే? దీనికి కొనుగోలుదారు చేయగలిగింది పత్రాలలోనే ఉంది. స్వతంత్ర పరిశీలకుని పేరు పరపతి పత్రంలో చెప్పి, ఓడకెక్కే ముందు అతడు దుంగలను చూసి ఇచ్చిన ధ్రువపత్రం కావాలని షరతు పెట్టడం. పూర్వం గోదావరి ఒడ్డున కొనేవాడు తట్టి చూసిన దుంగను ఇప్పుడు మరొకరు అతని తరఫున తట్టి చూస్తారు. జాబితాలోని సంఖ్యకు, దుంగ మీది సుత్తి గుర్తుకు పొత్తు కుదురుస్తారు. కలపను ఓడ పైతట్టు మీద పేర్చడం సాధారణం కాబట్టి మరో జాగ్రత్త కూడా అవసరం. పైతట్టు మీద ఎక్కించినట్లు చెప్పే రవాణా పత్రాన్ని 26వ అధికరణం తిరస్కరిస్తుంది. అందుకు సమ్మతి ఉంటే ముందే రాయాలి.

సాక్షాత్తు మోసం జరిగినప్పుడు మాత్రం న్యాయస్థానాలు పత్రాల తెర తొలగిస్తాయి. 1941 నాటి న్యూయార్క్ వ్యాజ్యం దీనికి మూలం: కుంచెలకు వాడే పందివెంట్రుకలు పంపవలసిన లక్నో విక్రేత, ఆవువెంట్రుకలు, చెత్త నింపిన పెట్టెలు పంపాడన్నది ఆరోపణ. ఆ ఆరోపణ నిజమైతే చెల్లింపు ఆపవచ్చని కోర్టు అంగీకరించింది. మన సుప్రీంకోర్టూ 1987 నాటి యు.పి. కోఆపరేటివ్ ఫెడరేషన్ తీర్పులో మోసం విషయమైన ఈ మినహాయింపును గుర్తించింది, కానీ చాలా ఇరుకుగా. నాసిరకం సరుకు మోసం కిందికి రాదు. దానికి ఒప్పందంపై వేరే దావా వేసుకోవాలి.

రాజకీయాలూ పత్రంలోకి వస్తాయి. బర్మా టేకు మన ప్రాంతానికి కొత్త కాదు. కోరంగి రేవు పేరుతోనే అక్కడి తెలుగువారిని ‘కొరంగీలు’ అనేవారు; రంగూన్ మిల్లుల్లో పనిచేసినవారిలో వారెందరో. మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి ముడి దుంగల ఎగుమతిని నిషేధించింది. 2021 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వ కలప సంస్థపై అమెరికా ఆంక్షలు విధించింది. డాలర్లలో చెల్లింపు అమెరికా బ్యాంకుల మీదుగా సాగుతుంది కాబట్టి, పత్రాలన్నీ సరిగా ఉన్నా సొమ్ము మధ్యలో ఆగే ప్రమాదం ఏర్పడింది.

మనమే అమ్మేవారమైనప్పుడు ఇదే చిక్కు తలకిందులవుతుంది. ఎర్రచందనం ఎగుమతిపై సాధారణంగా నిషేధం ఉంది. ప్రభుత్వం వేలం వేసిన నిల్వలకు, ప్రత్యేకంగా అనుమతించిన మేరకు మాత్రమే మినహాయింపు. ఈ చెట్టు 1995 నుంచి అంతర్జాతీయ వన్యజాతుల వర్తక ఒడంబడిక రెండవ అనుబంధంలో ఉన్నందున ఎగుమతికి ఆ ఒడంబడిక అనుమతి పత్రం తప్పనిసరి. అందులో పేరు ‘టెరోకార్పస్ శాంటాలినస్’. వర్తకంలో ‘రెడ్ శాండర్స్’, మరికొన్నిచోట్ల ‘రెడ్ శాండల్‌వుడ్’. తెలుగులో ఎర్రచందనం, రక్తచందనం. విదేశీ కొనుగోలుదారు బ్యాంకు వీటిలో ఏ పేరు రాసి పంపిందో చూసుకొని, ఇన్‌వాయిస్‌లో అక్షరం పొల్లుపోకుండా అదే రాయాలి. ఆ పేరు అనుమతి పత్రంలోని శాస్త్రీయ నామంతో పొసగకపోతే, సరుకు రేవు దాటకముందే పరపతి పత్రాన్ని సవరించమని కోరాలి. జారీ అయిన పరపతి పత్రాన్ని సవరించడానికి జారీచేసిన బ్యాంకు, పూచీపడిన బ్యాంకు ఉంటే అది, విక్రేత అందరూ ఒప్పుకోవాలి.