పురావస్తు శాస్త్రజ్ఞుని సాధన

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలలో పురాతన దేవాలయాలకు, కోటలకు, గడీలకు కొదవ లేదు. దోమకొండ కోటలో కాకతీయుల కాలపు మహాదేవాలయం నేటికీ నిలిచి ఉన్నది. ఇటువంటి కట్టడాల కింద గుప్తనిధులు ఉంటాయన్న నమ్మకం తెలంగాణ పల్లెలలో బలమైనది. ఆ ఆశతో గుడులను తవ్వి పాడుచేసినవారూ ఉన్నారు. ఇద్దరూ తవ్వేది మట్టినే అయినప్పుడు, నిధికోసం తవ్వేవానికీ పురావస్తు శాస్త్రజ్ఞునికీ భేదమేమిటి? ఈజిప్టు తవ్వకాలలో ప్రఖ్యాతి గాంచిన హోవర్డ్ కార్టర్ జీవితం ఆ భేదాన్ని స్పష్టం చేస్తుంది.

కార్టర్ 1874లో లండన్‌లో జన్మించాడు. పెద్ద చదువులు చదువలేదు. చిత్రకారుడైన తండ్రి వద్ద చిత్రలేఖనం అభ్యసించాడు. 1891లో, 17వ ఏట, సమాధుల గోడలమీది చిత్రాలకు ప్రతులు గీసే పనిమీద ఈజిప్టు చేరాడు. మరుసటి ఏడు ఫ్లిండర్స్ పెట్రీ వద్ద తవ్వకాలలో శిక్షణ పొందాడు. పగిలిన కుండపెంకు సైతం కాలనిర్ణయానికి ఆధారమవుతుందని నిరూపించిన మహనీయుడు పెట్రీ.

కార్నార్వన్ ప్రభువు ధనసహాయంతో కార్టర్ 1917 నుండి రాజుల లోయలో అన్వేషించాడు. ఐదేళ్ళ శ్రమకు చెప్పుకోదగిన ఫలితం దక్కలేదు. 1922 నవంబరు 4న రాతిలో తొలిచిన ఒక మెట్టు బయటపడింది. అది సుమారు 3,300 ఏళ్ళనాటి టుటన్‌ఖామున్ సమాధికి దారి. అందులోని మేలిమి బంగారు శవపేటిక బరువే సుమారు 110 కిలోలు!

నిధి వేటగాడైతే ఆ బంగారాన్ని కొద్ది రోజులలో తరలించేవాడు. కార్టర్‌కు ఆ సమాధిని ఖాళీ చేయడానికి 10 ఏళ్ళు పట్టింది. 5,000కు పైగా వస్తువులకు సంఖ్యలు వేసి, ఛాయాచిత్రాలు తీయించి, ఉన్నచోటును పటాలలో గుర్తించి, శిథిలమవుతున్నవాటిని మైనంతో గట్టిపరచిన పిదపనే కదిలించాడు. వస్తువు ఎక్కడ, ఏ పొరలో, వేటి సరసన ఉన్నదో తెలిస్తేనే అది చరిత్ర చెబుతుంది. ఒకసారి చెదిరిన సాక్ష్యం మరల రాదు. కొన్ని చిన్న వస్తువులను అతడు తనవద్ద ఉంచుకొన్నాడన్న ఆరోపణ ఉన్నది. అయినప్పటికీ, అతని బృందం సిద్ధపరచిన పత్రాలే నేటి పరిశోధకులకు ఆధారం.

ఈజిప్టు మమ్మీని చూడగోరువారు హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియానికి వెళ్ళవచ్చు. ఈ విద్యను అభ్యసింపదలచినవారికి చరిత్ర జ్ఞానం, ప్రాచీన లిపుల పరిచయం, అన్నిటికంటె మిన్నగా ఓర్పు అవసరం. పొలం దున్నుతుండగా నాణెములు, విగ్రహాలు బయటపడితే కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి నిధినిక్షేపాల చట్టం చెబుతున్నది. దొరికినదాన్ని దాచక, దొరికినచోటును చెదరగొట్టక తెలియజేసిన రైతు కూడా చరిత్రకు మేలు చేసినవాడే.