సూక్ష్మనమూనాల నిర్మాణం – మానసికాఘాతం నుండి కోలుకోవడం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

తీవ్రమైన మానసికాఘాతానికి లోనైన వ్యక్తి అంతకుముందు ఇష్టపడిన వ్యాపకాలకు దూరం కావడం తరచుగా కనిపించే లక్షణం. అటువంటి వ్యాపకానికి తిరిగి రావడం కోలుకోవడంలో ఒక ముఖ్యమైన దశ. స్కేల్ మోడల్ నిర్మాణాన్ని ఆధారంగా తీసుకొని, ఈ పునఃప్రవేశం ఎలా జరుగుతుందో, అది వ్యక్తికి ఏమి ఇవ్వగలదో, ఏమి ఇవ్వలేదో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. కార్ల్ యుంగ్ సరస్సు ఒడ్డున కట్టిన రాళ్ల ఊరు, మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ రూపొందించిన ‘ప్రపంచ పద్ధతి’, మార్క్ హోగన్‌క్యాంప్ నిర్మించిన ‘మార్వెన్‌కోల్’ ఇందులో ప్రధాన ఉదాహరణలు. పూర్వస్థితిని యథాతథంగా పొందడం కంటే, మారిన చేతికీ మనసుకూ తగిన కొలతను ఎంచుకోవడమే ఈ పునఃప్రవేశంలో కీలకమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మానసికాఘాతం, స్కేల్ మోడల్, వ్యాపకం, కథనం, మార్వెన్‌కోల్, పునఃప్రవేశం.

1. ఉపోద్ఘాతం

మానసికాఘాతాన్ని గురించిన సాహిత్యచర్చ ఎక్కువగా చెప్పడం, రాయడం అనే రెండు క్రియల చుట్టూ సాగుతుంది. బాధితుని వాఙ్మూలం, ఆత్మకథ, స్మృతికథనం మొదలైనవి అందులో ప్రధాన ఆధారాలు. అయితే మాట ఇంకా సిద్ధంగా లేని దశలో చేతులు పనిచేయడం మొదలుపెట్టిన సందర్భాలు ఉన్నాయి. విమానం, ఓడ, యుద్ధశకటం, రైలుబండి, భవనం వంటి వాటి నమూనాలను నిర్ణీత నిష్పత్తిలో తయారుచేసే వ్యాపకం అటువంటి చేతిపనులలో ఒకటి. దీనిని బాల్యంలోనో కౌమారంలోనో మొదలుపెట్టి, చదువు, ఉద్యోగం, సంసారం కారణంగా విడిచిపెట్టి, నడివయసులో మళ్లీ చేపట్టేవారు ఉంటారు. ప్రమాదం, దాడి, యుద్ధానుభవం, ఆప్తుల మరణం వంటి ఘటన తర్వాత ఈ వ్యాపకానికి తిరిగివచ్చేవారి విషయం ప్రత్యేకమైనది. వారు కాలక్షేపం కోసం మాత్రమే వస్తున్నారా, లేక ఆ పనిలో కోలుకోవడానికి తోడ్పడే గుణమేదైనా ఉందా అన్నది ఇక్కడి ప్రశ్న.

2. రెండు భావనల వివరణ

2.1. ఆఘాతం: ‘ట్రామా’ అనే పదానికి గ్రీకుభాషలో గాయం అని అర్థం. శరీరానికి తగిలిన దెబ్బను సూచించిన ఈ పదం పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగంలో మనసుకు తగిలిన దెబ్బకూ వర్తించసాగింది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో ప్రచురించిన డి.ఎస్.ఎం.-3 అనే నిర్ధారణ గ్రంథంలో ‘పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్’ ఒక ప్రత్యేక రుగ్మతగా చేరింది. 2013 నాటి డి.ఎస్.ఎం.-5 దాని లక్షణాలను నాలుగు వర్గాలుగా విభజించింది. అవి: జరిగిన ఘటన అదుపు లేకుండా మళ్లీ మళ్లీ అనుభవానికి రావడం, దానిని గుర్తుచేసే వాటిని తప్పించుకోవడం, ఆలోచనలలో, భావాలలో ప్రతికూలమైన మార్పు, నిరంతరమైన అప్రమత్తత. మూడవ వర్గంలోనే, ముఖ్యమైన కార్యకలాపాలపై ఆసక్తి బాగా సన్నగిల్లడం అనే లక్షణం ఉంది. అంటే పాత వ్యాపకాన్ని వదిలివేయడం వ్యక్తి బద్ధకానికో నిర్లక్ష్యానికో సంబంధించినది కాదు. అది రుగ్మతలో భాగం.

2.2. స్కేల్: అసలు వస్తువు కొలతకూ నమూనా కొలతకూ ఉండే స్థిరమైన నిష్పత్తిని స్కేల్ అంటారు. 175 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషి 1:72 స్కేల్‌లో సుమారు 2.4 సెంటీమీటర్లు, 1:35 స్కేల్‌లో 5 సెంటీమీటర్లు, 1:6 స్కేల్‌లో సుమారు 29 సెంటీమీటర్లు ఉంటాడు. బొమ్మల కొలువులో ఇంటికంటే ఎత్తైన ఎద్దు ఉన్నా ఎవరికీ అభ్యంతరం ఉండదు. స్కేల్ మోడల్‌లో మాత్రం నిష్పత్తే ప్రధాన నియమం. చేసినది చిన్నదే అయినా లోకంలోని వాస్తవానికి లెక్కప్రకారం కట్టుబడి ఉంటుంది. అందువల్ల దీనిని కేవలం ఊహావిహారంగా పరిగణించడం సరికాదు.

3. నిర్మాణక్రమం – మనసుపై దాని ప్రభావం

ప్లాస్టిక్ కిట్‌లో భాగాలు ఒక చట్రానికి అంటుకొని, వరుస సంఖ్యలతో ఉంటాయి. సూచనపత్రం ప్రకారం వాటిని కోసి తీయాలి; అంచులను ఉప్పుకాగితంతో నునుపు చేయాలి; అతికించే ముందు కుదిరిందో లేదో చూసుకోవాలి; సందులను పుట్టీతో పూడ్చాలి; ప్రైమర్, రంగులు, గుర్తులు వరుసగా వేయాలి. చివరగా వాడకం వల్ల కలిగే మాసికలు, తుప్పు, గీతలు చిత్రించడం ఉంటుంది. ఈ క్రమంలో మూడు గుణాలు గమనించదగినవి.

మొదటిది పరిమితి. ప్రతి పనికీ స్పష్టమైన ముగింపు ఉంటుంది. ఏకాగ్రత పావుగంట మాత్రమే నిలిచే వ్యక్తి కూడా రెండు భాగాలను అతికించి లేవవచ్చు. రెండవది సవరణకు వీలు. వంకరగా అతికినదాన్ని ఊడదీయవచ్చు. చెడిన రంగును తుడిచి మళ్లీ వేయవచ్చు. జరిగినదాన్ని మార్చలేని స్థితిలో ఉన్న వ్యక్తికి, చేసినదాన్ని మార్చగలిగే చోటు దొరకడం చిన్న విషయం కాదు. మూడవది కాలం. జిగురు ఆరాలి, రంగు ఆరాలి. కనుక పని రేపటికి మిగులుతుంది. భవిష్యత్తు మూసుకుపోయినట్లు తోచే దశలో రేపటికి ఒక పని మిగిలి ఉండటం ఆశాభావానికి అతి చిన్న రూపం.

దృష్టికీ చేతికీ సంబంధించిన పనులు జ్ఞాపకాలపై చూపే ప్రభావాన్ని గురించి ప్రయోగాత్మక పరిశోధన కొంత ఉంది. ఎమిలీ హోమ్స్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో, కలవరపెట్టే దృశ్యాలున్న చిత్రాన్ని చూసిన తరువాత ‘టెట్రిస్’ అనే కంప్యూటర్ ఆటను ఆడినవారికి ఆ దృశ్యాలు అప్రయత్నంగా గుర్తుకురావడం తగ్గింది. ఆకారాలను మనసులో తిప్పి అమర్చే పని, దృశ్యస్మృతి వాడుకునే మానసిక వనరులనే వాడుకుంటుందన్నది వారి వివరణ. అయితే అది ప్రయోగశాలలో జరిగిన పరీక్ష. అందులో వాడినది కంప్యూటర్ ఆట. ఆ ఫలితాన్ని నమూనాల నిర్మాణానికి నేరుగా అన్వయించకూడదు. రెండింటిలోనూ ఆకారాలను అమర్చడమే ప్రధానం కనుక, ఈ పోలిక ఒక పరికల్పనకు మాత్రమే దారి చూపుతుంది.

4. చారిత్రక నేపథ్యం

4.1. నేలపై ఆటల నుండి చికిత్సకు: ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1911లో ‘ఫ్లోర్ గేమ్స్’ అనే చిన్న పుస్తకాన్ని ప్రచురించాడు. తన కుమారులతో కలిసి నేలపై బొమ్మలతో, చెక్కముక్కలతో దీవులను, నగరాలను నిర్మించిన తీరును అందులో వర్ణించాడు. మొదటి ప్రపంచయుద్ధానంతరం పోలండ్‌లో సహాయకార్యక్రమాలలో పనిచేసిన వైద్యురాలు మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ 1928లో లండన్‌లో పిల్లల కోసం చికిత్సాలయాన్ని ప్రారంభించింది. వెల్స్ పుస్తకం ఆమెకు ప్రేరణ అయింది. ఇసుకపళ్లెంలో చిన్న బొమ్మలతో పిల్లలు తమ లోకాన్ని నిర్మించే విధానం ఆ తరువాత ‘ప్రపంచ పద్ధతి’గా ప్రసిద్ధి పొందింది. పిల్లల అనుభవం మాటలలోకి పూర్తిగా ఒదగదనీ, ఒకేసారి పలు విషయాలను చూపగల సాధనం వారికి అవసరమనీ ఆమె భావించింది. 1950లలో ఆమె వద్ద అధ్యయనం చేసిన డోరా కాల్ఫ్ ఈ పద్ధతిని యుంగ్ సిద్ధాంతంతో జోడించి ‘శాండ్‌ప్లే’గా అభివృద్ధి చేసింది.

4.2. యుంగ్ కట్టిన ఊరు: ఫ్రాయిడ్‌తో సంబంధం తెగిపోతున్న కాలంలో యుంగ్ తీవ్రమైన అంతస్సంక్షోభానికి గురయ్యాడు. పది, పదకొండేళ్ల వయసులో ఇళ్లు, కోటలు కట్టి ఆడుకున్న సంగతి అప్పుడు అతనికి గుర్తుకు వచ్చింది. ఆ ఆటకే తిరిగి వెళ్లాలని నిశ్చయించుకొని, ప్రతిరోజూ మధ్యాహ్నభోజనం తరువాత రోగులు వచ్చేవరకూ సరస్సు ఒడ్డున రాళ్లతో చిన్న ఇళ్లు, కోట, చర్చి ఉన్న ఊరిని నిర్మించాడు. పేరుపొందిన వైద్యుడు చిన్నపిల్లల ఆటకు దిగవలసిరావడం తనకు ఎంతో అవమానంగా తోచిందని తన స్మృతిగ్రంథంలో అతడు అంగీకరించాడు. యుంగ్ స్థితిని నేటి వైద్యపరిభాషలోని ఆఘాతంతో సమానం చేయడం తగదు. కానీ పునఃప్రవేశంలోని మొదటి ఆటంకాన్ని అతని అనుభవం స్పష్టం చేస్తుంది. ‘పెద్దవారు చేసే పనేనా ఇది’ అన్న సిగ్గును దాటడమే ఆ మొదటి మెట్టు.

5. మార్వెన్‌కోల్: ఒక విశేష ఉదాహరణ

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఉన్న కింగ్‌స్టన్‌లో 2000 ఏప్రిల్ 8న మార్క్ హోగన్‌క్యాంప్‌పై ఐదుగురు మనుషులు ఒక బార్ వెలుపల దాడి చేశారు. స్త్రీల దుస్తులు ధరించడం తనకు ఇష్టమని అతడు చెప్పిన మాటే దాడికి నిమిత్తమైంది. 9 రోజులు కోమాలో, మొత్తం 40 రోజులు ఆసుపత్రిలో గడిపిన అతడు నడవడం, తినడం, రాయడం మళ్లీ నేర్చుకోవలసివచ్చింది. పూర్వజీవితపు జ్ఞాపకాలు చాలావరకు చెరిగిపోయాయి. దాడికి ముందు అతడు నేర్పుగల చిత్రకారుడు. ఆ తరువాత చేతి వణుకు వల్ల బొమ్మలు గీయడం సాధ్యం కాలేదు. చికిత్సను కొనసాగించే ఆర్థికస్తోమత కూడా లేకపోయింది.

ఈ స్థితిలో అతడు ఇంటి ఆవరణలో చెక్కముక్కలతో 1:6 స్కేల్‌లో ఒక పట్టణాన్ని నిర్మించడం ప్రారంభించాడు. రెండవ ప్రపంచయుద్ధకాలం నాటి బెల్జియంలో ఉన్నట్లు ఊహించిన ఆ పట్టణానికి, తన పేరునూ తాను ఎరిగిన ఇద్దరు స్త్రీల పేర్లనూ కలిపి ‘మార్వెన్‌కోల్’ అని పేరు పెట్టాడు. తనకూ, తన పరిచయస్థులకూ, చివరకు తనపై దాడి చేసినవారికీ ప్రతిరూపాలైన బొమ్మలను అందులో నిలిపాడు. ఆ కథలో కెప్టెన్ హోగన్‌క్యాంప్ అనే విమానచోదకుణ్ణి నాజీ సైనికులు హింసిస్తారు. పట్టణంలోని స్త్రీలు అతణ్ణి రక్షిస్తారు. బొమ్మ జీపు చక్రాలు నిజంగా అరిగినట్లు కనబడాలని దానిని రోడ్డు పక్కన ఈడ్చుకుంటూ నడిచేవాడు. ప్రతి సన్నివేశాన్నీ ఫోటో తీసేవాడు.

ఈ ఉదాహరణలో మూడు అంశాలు విశ్లేషణకు అర్హమైనవి.

5.1. కొలత: వణికే చేతితో 5 సెంటీమీటర్ల బొమ్మకు కనుబొమలు దిద్దడం దుష్కరం. 29 సెంటీమీటర్ల బొమ్మకు చొక్కా తొడగడం, చేయి వంచి తుపాకి పట్టించడం సాధ్యమే. గీసే చేయి పోయినచోట అమర్చే చేయి మిగిలింది. ఆ చేతికి తగిన కొలతను ఎంచుకోవడం వల్లనే అతని కళ కొనసాగింది.

5.2. పురుష: దాడి జరిగినది ‘నాకు’, కథలో అది జరిగేది ‘కెప్టెన్‌కు’. ఉత్తమపురుషలో చెప్పలేనిదాన్ని ప్రథమపురుషలోకి మార్చినప్పుడు చెప్పేవానికీ ఘటనకూ మధ్య దూరం ఏర్పడుతుంది. ఫ్రాయిడ్ 1920 నాటి రచనలో, దారం కట్టిన కండెను విసిరి మళ్లీ లాక్కునే ఏడాదిన్నర పిల్లవాని ఆటను చర్చించాడు. తల్లి వెళ్లిపోవడాన్ని నిస్సహాయంగా భరించిన పిల్లవాడు ఆటలో దానికి కర్త అవుతున్నాడన్నది ఆయన సూచించిన వివరణలలో ఒకటి. మార్వెన్‌కోల్‌లోనూ కర్మస్థానంలో ఉన్న వ్యక్తి కర్తృస్థానానికి మారడం కనిపిస్తుంది. అయితే ప్రతీకార సన్నివేశాలు మళ్లీ మళ్లీ రావడాన్ని కోలుకోవడంగానే చూడాలా, గాయం ఇంకా మానలేదనడానికి గుర్తుగా చూడాలా అన్న ప్రశ్నకు ఏకైక సమాధానం లేదు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

5.3. సాక్షి: అతని ఫోటోలు 2005లో ‘ఎసోపస్’ పత్రికలో వెలువడ్డాయి, 2006లో న్యూయార్క్‌లోని ‘వైట్ కాలమ్స్’ గ్యాలరీలో ప్రదర్శితమయ్యాయి. జెఫ్ మాల్మ్‌బర్గ్ 2010లో డాక్యుమెంటరీని, రాబర్ట్ జెమెకిస్ 2018లో కథాచిత్రాన్ని తీశారు. ఆశ్రయంగా కట్టుకున్న ఊరు ఇతరుల దృష్టిలో కళాఖండమైంది. గుర్తింపు మనిషిని సమాజంతో మళ్లీ కలుపుతుంది; అదే సమయంలో, ఎవరూ చూడని చోటుగా ఆ ఊరికి ఉన్న రక్షణను తగ్గిస్తుంది. డాక్యుమెంటరీలో కెప్టెన్ బొమ్మ కూడా తన గాయం నుండి తేరుకోవడానికి మరింత చిన్న ఊరిని కట్టుకుంటాడు. ఊరు లోకానికి తెరుచుకున్నకొద్దీ, లోపల మరో ఏకాంతం అవసరమైందని దీనిని అర్థం చేసుకోవచ్చు.

6. పరిమితులు

జూడిత్ హెర్మన్ 1992లో ప్రచురించిన ‘ట్రామా అండ్ రికవరీ’ గ్రంథం కోలుకోవడాన్ని మూడు దశలుగా వివరించింది: భద్రతను ఏర్పరచుకోవడం, స్మరించి దుఃఖించడం, సాధారణ జీవితంతో తిరిగి సంబంధం కలుపుకోవడం. నమూనాల నిర్మాణం మొదటి దశకు ఆలంబన కాగలదు; మూడవ దశలో తోటి నిర్మాతల సాంగత్యాన్ని ఇవ్వగలదు. రెండవ దశకు శిక్షణ పొందిన శ్రోత అవసరం. బల్ల ముందు ఒంటరిగా గడిపే గంటలు తప్పించుకోవడం అనే లక్షణానికే ముసుగు కావచ్చు. యుద్ధశకటాల నమూనాలు యుద్ధానుభవం ఉన్నవారికి భీతిని రేపవచ్చు. పదునైన కత్తులు, ఘాటైన ద్రావకాలు ఆత్మహాని తలంపులున్నవారి విషయంలో జాగ్రత్త అవసరమైన వస్తువులు.

హోగన్‌క్యాంప్ ఉదాహరణను పొగిడేటప్పుడు మరొక విషయం మరువరాదు. అతడు చికిత్సను నిరాకరించి కళను ఎంచుకోలేదు. చికిత్స అందని స్థితిలో తనకు తానే ఒక మార్గం వెదుక్కున్నాడు. ఆ ప్రతిభను చూపి వైద్యసహాయం అనవసరమని వాదించడం అతని అనుభవాన్ని తలకిందులు చేయడమే. పైగా ఇవి ఏకవ్యక్తి ఉదాహరణలు. వీటి నుండి సార్వత్రిక సూత్రాలు చేయడం కుదరదు.

7. ముగింపు

పై పరిశీలన ద్వారా ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

• ఆఘాతానంతరం వ్యాపకంపై ఆసక్తి పోవడం రుగ్మత లక్షణం. కనుక ఆ వ్యాపకానికి తిరిగి రావడాన్ని కాలక్షేపంగా కాక, కోలుకుంటున్నదానికి సూచనగా పరిగణించాలి.

• నిర్మాణక్రమంలోని పరిమితి, సవరణకు వీలు, వేచి ఉండవలసిన కాలం అనే మూడు గుణాలు, ఆఘాతం హరించిన అదుపును చిన్న మేరలో తిరిగి ఇస్తాయి.

• నమూనా లోకం ఒక కథనం కూడా. వాఙ్మూలంతో పాటు చేతితో నిర్మించిన కథనాలను ఆఘాతసాహిత్య అధ్యయనంలో చేర్చవలసి ఉంది.

• పునఃప్రవేశం అంటే పూర్వపు నేర్పును పూర్వపు కొలతతో కొలవడం కాదు. తిరిగి వచ్చిన వ్యక్తి పనిని పాత పనితనంతో పోల్చి తక్కువ చేస్తే, అతడు రెండవసారి వదిలివేసే ప్రమాదం ఉంది. కుటుంబసభ్యులు, మిత్రులు, చికిత్సకులు ఈ విషయాన్ని గమనించడం అవసరం.