భౌతిక చికిత్సాభ్యాసమున సహాధ్యాయుల సహకారము

ఒక రోగి మోకాలు ఎంతవరకు వంగుచున్నదో ఇద్దరు విద్యార్థులు కోణమాపకముతో వేరువేరుగా కొలిచిరనుకొందము. ఒకరికి 90 డిగ్రీలును, ఇంకొకరికి 105 డిగ్రీలును వచ్చినవి. మోకాలు ఒక్కటే, కొలతలు రెండు. ఇద్దరును కలిసి మరల కొలిచినపుడు కారణము తేలును: పరికరపు ఒక భుజమును తుంటి ప్రక్క ఎముక వైపునకును, రెండవ భుజమును వెలుపలి చీలమండ వైపునకును సూటిగా నిలుపుటలో ఒకరు పొరపడిరి. ఒంటరిగా కొలిచియుండిన ఆ తప్పు అంకెయే రోగి కాగితములలో నిలిచి, కాలు బాగుపడుచున్నదా లేదా యను నిర్ణయమును తప్పుదారి పట్టించెడిది.

తన కంటికి కానరాని తన పొరపాటును తోడివాని కన్ను పట్టుకొనును. భౌతిక చికిత్సను అభ్యసించువారికి పరస్పర సహకారము వలన కలుగు ముఖ్య ప్రయోజన మిదియే.

ఈ వృత్తి పుట్టుకయే ఇట్టి సహకారమునకు నిదర్శనము. 1894లో లండను నగరమున లూసీ రాబిన్సన్, రోసలిండ్ పేజెట్, ఎలిజబెత్ మాన్లీ, మార్గరెట్ పామర్ అను నలుగురు నర్సులు మర్దన వృత్తికి నియమమును, గౌరవమును కల్పించుటకై ఒక సంఘమును స్థాపించిరి. మన దేశమున 1952లో బొంబాయిలో పోలియో వ్యాధి ప్రబలిన పిమ్మట, 1953లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయముతో అచ్చట భౌతిక చికిత్సా విద్యాలయము ఏర్పడినది. 1955లో భారతీయ ఫిజియోథెరపిస్టుల సంఘము వెలసినది.

ఈ విద్య పుస్తకపఠనముచే మాత్రము అలవడునది కాదు, చేతికి రావలెను. కావుననే విద్యార్థులు, ఎదుటివారి అనుమతి పొంది, ఒకరి శరీరముపై నొకరు అభ్యసింతురు. మంచముపై నుండి కుర్చీకి మార్చబడునపుడు పట్టు గట్టిదైన నొప్పియు, వదులైన భయమును కలుగునని స్వయముగా ననుభవించిన విద్యార్థి రోగిని మరింత మెలకువతో పట్టుకొనును. కండరముల బలమును 0 నుండి 5 వరకు గల శ్రేణులలో నిర్ణయించుటయు ఇట్లే ఇరువురు పోల్చి చూచుకొనిన గాని స్థిరపడదు.

పట్టము పొందిన పిదప ఈ అవసరము తగ్గదు, పెరుగును. చిన్న పట్టణపు ఆసుపత్రిలో ఒంటరిగా పనిచేయు నూతన చికిత్సకునకు ప్రక్కన గురువు ఉండడు. పక్షవాతము సోకిన రోగిని చచ్చుబడిన చేయి పట్టి లాగి లేవనెత్తిన, భుజపు కీలు జారి తీవ్రమైన బాధ కలుగవచ్చును. తొందరలో ఇట్టి అలవాటు తనకు పట్టుబడినట్లు అతడెరుగకపోవచ్చును; చూచిన మిత్రుడు చెప్పగలడు.

ఇందులకు గొప్ప ఏర్పాట్లు అక్కరలేదు. నలుగురైదుగురు వారమునకొక గంట కూడిన చాలును. ఒకరు తాము చూచిన రోగి స్థితిని, చేసిన చికిత్సను, తమ సందేహమును దాపరికము లేక వివరింపవలెను. తక్కినవారు ముందు ప్రశ్నించి, తరువాతనే సలహా చెప్పవలెను. తప్పు నొప్పుకొన్నవానిని పరిహసించిన నాడు ఆ కూటమి నిష్ప్రయోజనమగును. రోగి పేరును, ఆనవాళ్లను ఎన్నడును వెల్లడింపరాదు.

సహకారమునకు హద్దులును కలవు. నలుగురు అనుభవహీనులు ఏకీభవించినంత మాత్రమున తప్పు ఒప్పు కానేరదు. సందేహము తీరనపుడు పెద్దల నాశ్రయింపవలెను. శస్త్రచికిత్స జరిగిన రోగికి పిక్క వాచి, వేడెక్కి, నొప్పి పుట్టిన యెడల అది లోపలి సిరలో నెత్తురు గడ్డకట్టుటకు గుర్తు కావచ్చును. అప్పుడు మర్దనను, వ్యాయామమును నిలిపి తక్షణము వైద్యునకు తెలుపవలెనే గాని మిత్రుల అభిప్రాయమునకై వేచియుండరాదు.

రోగి తన కాలిని, చేతిని నమ్మకముతో చికిత్సకుని కప్పగించును. ఆ నమ్మకమునకు తగిన నేర్పు ఒంటరిగా కంటె పదుగురి నడుమ త్వరగా సిద్ధించును. అడుగుటకు సిగ్గుపడని విద్యార్థియు, చెప్పుటకు వెనుదీయని మిత్రుడును కలిసినచోట రోగికి మేలు కలుగును.