బ్లాక్‌జాక్: ఇరవై ఒకటి చుట్టూ తిరిగే పేకాట, దాని వెనుక ఉన్న లెక్క

ప్రపంచవ్యాప్తంగా క్యాసినోలలో పేక ముక్కలతో ఆడే ఆటలలో విశేష ప్రాచుర్యం పొందినది బ్లాక్‌జాక్. దీని నియమాలు పది నిమిషాలలో నేర్చుకోవచ్చు. మరో ముక్క తీసుకోవాలా, ఆగిపోవాలా అన్న నిర్ణయం ఆటగాడి చేతిలోనే ఉంటుంది. అందువల్ల ఇది అదృష్టం కన్నా తెలివితేటలపై ఆధారపడిన ఆట అన్న అభిప్రాయం చాలామందిలో స్థిరపడింది. ఆ అభిప్రాయంలో కొంత సత్యం లేకపోలేదు. అయితే ప్రతి నిర్ణయమూ సరిగ్గా తీసుకునే ఆటగాడు సైతం దీర్ఘకాలంలో ఎంతో కొంత నష్టపోయేలా ఆట నిర్మాణం ఉంది. ఆ నిర్మాణం ఎలాంటిదో గ్రహించాలంటే ఆట పుట్టుకనూ, నియమాలనూ, వాటి వెనుక గణితాన్నీ వరుసగా పరిశీలించాలి.

స్పెయిన్ నుంచి నెవాడా వరకు

బ్లాక్‌జాక్‌కు పూర్వరూపమైన ఆట ప్రస్తావన స్పానిష్ సాహిత్యంలో కనిపిస్తుంది. ‘డాన్ క్విహోటే’ రచయిత మిగెల్ డి సెర్వాంటెస్ 1613లో వెలువరించిన కథల సంపుటిలో ‘రింకొనేతే, కోర్తదీయో’ అనే కథ ఉంది. అందులో ఇద్దరు కుర్రవాళ్లు పేకాటలో మోసాలు చేస్తూ సెవిల్ నగరానికి చేరుకుంటారు. వారిలో ఒకడు ‘వెయింతియూనా’ అనే ఆటలో తన నైపుణ్యాన్ని గొప్పగా చెప్పుకుంటాడు. ఆ స్పానిష్ మాటకు ‘ఇరవై ఒకటి’ అని అర్థం. ఆసును ఒకటిగానూ, పదకొండుగానూ లెక్కించవచ్చన్న నియమం ఆనాటికే ఉన్నట్లు ఆ కథ ద్వారా తెలుస్తోంది.

తరువాతి కాలంలో ఇదే ఆట ఫ్రాన్స్‌లో ‘వాంతెయూన్’ పేరుతో ఆదరణ పొందింది. ఈ పేరుకూ అర్థం ఇరవై ఒకటే. అక్కడి నుంచి ఇంగ్లండ్‌కూ, వలసదారుల వెంట అమెరికాకూ చేరింది. అమెరికాలోని నెవాడా రాష్ట్రం 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసిన తరువాత, లాస్ వేగాస్ క్యాసినోలలో ఇది ప్రధాన ఆటలలో ఒకటైంది.

బ్లాక్‌జాక్ అన్న పేరు గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. ఇస్పేటు ఆసుతో పాటు నల్ల జాకీ వచ్చిన ఆటగాడికి పందానికి పది రెట్లు ఇచ్చేవారనీ, అందుకే ఆటకు ఆ పేరు వచ్చిందనీ చెబుతారు. పేకాట చరిత్రను పరిశోధించినవారు ఈ కథను సందేహిస్తున్నారు. పంతొమ్మిదో శతాబ్దం చివర కెనడాలోని క్లోండైక్ బంగారు గనులకు తరలివెళ్లిన జనం మధ్య ఈ పేరు వాడుకలోకి వచ్చిందన్నది వారి వాదన. ఏమైనా నల్ల జాకీకి నేటి ఆటలో ప్రత్యేక విలువ ఏదీ లేదు.

ముక్కల విలువలు

ఈ ఆటకు 52 ముక్కల పేక చాలు. క్యాసినోలలో సాధారణంగా ఆరు లేదా ఎనిమిది పేకలను కలిపి వాడతారు. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అన్న తేడా ఇక్కడ అవసరం లేదు. రెండు నుంచి పది వరకు ఉన్న ముక్కలకు వాటి మీది అంకెే విలువ. జాకీ, రాణి, రాజు ఒక్కొక్కటి పదితో సమానం. ఆసును ఒకటిగానైనా, పదకొండుగానైనా ఆటగాడికి అనుకూలమైన రీతిలో లెక్కించుకోవచ్చు.

ఆసును పదకొండుగా లెక్కించినా మొత్తం 21 దాటకపోతే దానిని ‘సాఫ్ట్’ మొత్తం అంటారు. ఉదాహరణకు ఆసు, ఆరు కలిస్తే సాఫ్ట్ 17. మరో ముక్క తీసుకుని 21 దాటే పరిస్థితి వస్తే, ఆసు విలువ ఒకటికి మారిపోతుంది. ఆసు లేని మొత్తాన్నీ, ఆసును ఒకటిగానే లెక్కించక తప్పని మొత్తాన్నీ ‘హార్డ్’ అంటారు.

ఆట సాగే తీరు

ఒకే బల్ల చుట్టూ పలువురు కూర్చున్నా, వారిలో ఎవరికీ మరొకరితో పోటీ ఉండదు. ప్రతి ఒక్కరి పోటీ డీలర్‌తోనే. ఆటగాళ్లు ముందుగా పందెం కాస్తారు. తరువాత డీలర్ ప్రతి ఆటగాడికీ రెండు ముక్కలు పంచి, తాను కూడా రెండు తీసుకుంటాడు. డీలర్ ముక్కలలో ఒకటి అందరికీ కనిపించేలా తెరిచి ఉంటుంది, రెండోది బోర్లా ఉంటుంది.

మొదటి రెండు ముక్కలతోనే 21 వస్తే, అంటే ఆసుతో పాటు పది విలువ గల ముక్క వస్తే, దానిని బ్లాక్‌జాక్ అంటారు. డీలర్‌కు కూడా అదే రాకపోతే, ఆటగాడికి సంప్రదాయం ప్రకారం 100 రూపాయల పందానికి 150 రూపాయలు లభిస్తాయి. ఒకే పేకతో ఆడినప్పుడు రెండు ముక్కల జతలు 1,326 రకాలుగా ఏర్పడవచ్చు. వాటిలో బ్లాక్‌జాక్ అయ్యేవి 64 మాత్రమే. అంటే సగటున 21 ఆటలకు ఒకసారి.

బ్లాక్‌జాక్ రాని ఆటగాడి ముందు కొన్ని మార్గాలు ఉంటాయి. మరో ముక్క కోరడం ‘హిట్’. ఉన్నవాటితో ఆగిపోవడం ‘స్టాండ్’. పందాన్ని రెట్టింపు చేసి ఒకే ఒక్క ముక్క తీసుకోవడం ‘డబుల్’. ఒకే విలువ గల రెండు ముక్కలు వచ్చినప్పుడు, మరో సమానమైన పందెం పెట్టి వాటిని రెండు వేర్వేరు ఆటలుగా విడదీయడం ‘స్ప్లిట్’. కొన్ని చోట్ల సగం పందెం వదులుకుని ఆట నుంచి తప్పుకోవడానికి వీలుంటుంది. దానిని ‘సరెండర్’ అంటారు.

ఆటగాళ్లందరి వంతు ముగిశాక డీలర్ తన బోర్లా ముక్కను తిప్పుతాడు. డీలర్‌కు స్వేచ్ఛ లేదు. మొత్తం 16 లేదా అంతకన్నా తక్కువ అయితే ముక్క తీసుకోవాలి, 17 లేదా అంతకన్నా ఎక్కువ అయితే ఆగాలి. సాఫ్ట్ 17 విషయంలో మాత్రం ఒక్కో క్యాసినోలో ఒక్కో నియమం ఉంటుంది. చివరకు 21 దాటకుండా ఎవరి మొత్తం ఎక్కువైతే వారిదే గెలుపు. సమానమైతే పందెం ఆటగాడికి తిరిగి వస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఆటగాడు 100 రూపాయలు పందెం కాశాడు. అతనికి ఎనిమిది, అయిదు వచ్చాయి. మొత్తం 13. డీలర్ ముందు పది కనిపిస్తోంది. ఆటగాడు ముక్క కోరగా ఆరు వచ్చింది. మొత్తం 19 కావడంతో ఆగిపోయాడు. డీలర్ బోర్లా ముక్క ఏడు. మొత్తం 17 కనుక డీలర్ ఆగక తప్పదు. ఆటగాడు 100 రూపాయలు గెలిచాడు. ఒకవేళ ఆటగాడికి ఆరుకు బదులు తొమ్మిది వచ్చి ఉంటే మొత్తం 22 అయ్యేది. 21 దాటడాన్ని ‘బస్ట్’ అంటారు. పందెం సొమ్ము అప్పటికప్పుడే పోయేది.

ముందు ఆడేవాడికే నష్టం

క్యాసినోకు ఆదాయం సమకూర్చే నియమం ఇదే. ఆటగాడు ముందు ఆడాలి, డీలర్ చివర ఆడతాడు. ఆటగాడు బస్ట్ అయ్యాక డీలర్ కూడా 21 దాటినా, ఆటగాడి సొమ్ము తిరిగి రాదు. ఇద్దరూ తప్పినప్పుడు ఒక్కరే మూల్యం చెల్లిస్తారు.

డీలర్ నూటికి దాదాపు 28 సార్లు బస్ట్ అవుతాడు. ఒక ఆటగాడు డీలర్ పద్ధతినే అనుసరిస్తూ 17 వచ్చేదాకా ముక్కలు తీసుకుంటాడని అనుకుందాం. అతడు కూడా దాదాపు అన్నిసార్లే బస్ట్ అవుతాడు. ఇద్దరూ ఒకే ఆటలో బస్ట్ అయ్యే సందర్భాలు నూటికి సుమారు ఎనిమిది. ఆ ఎనిమిదీ క్యాసినో ఖాతాలోకే పోతాయి. బ్లాక్‌జాక్‌కు ఇచ్చే అదనపు మొత్తం వల్ల ఇందులో కొంత తిరిగి వచ్చినా, ఆటగాడికి నూటికి దాదాపు అయిదున్నర రూపాయల నష్టం మిగులుతుంది.

నలుగురు సైనికుల గణితం

ఈ నష్టాన్ని తగ్గించుకునే మార్గాన్ని శాస్త్రీయంగా వెలికితీసినవారు అమెరికా సైన్యంలో పనిచేసిన నలుగురు యువకులు. మేరీలాండ్‌లోని ఆబెర్డీన్ సైనిక కేంద్రంలో ఉన్న రోజర్ బాల్డ్‌విన్, విల్బర్ట్ కాంటీ, హెర్బర్ట్ మైసెల్, జేమ్స్ మెక్‌డెర్మాట్ బల్లమీది గణన యంత్రాల సాయంతో లెక్కలు కట్టారు. వారి పరిశోధన పత్రం 1956లో అమెరికన్ గణాంక శాస్త్ర సంఘం పత్రికలో వెలువడింది. నేడు ‘ప్రాథమిక వ్యూహం’గా పిలిచే పద్ధతికి అదే పునాది.

ఆ వ్యూహం సారాంశం ఇది. హార్డ్ మొత్తం 17 లేదా అంతకన్నా ఎక్కువైతే ఆగాలి. 11 లేదా అంతకన్నా తక్కువైతే ఆగకూడదు, ఎందుకంటే ఒక్క ముక్కతో 21 దాటే అవకాశమే లేదు. 12 నుంచి 16 వరకు ఉన్నప్పుడు నిర్ణయం డీలర్ ముందున్న ముక్కను బట్టి ఉంటుంది. అది రెండు నుంచి ఆరు లోపు అయితే సాధారణంగా ఆగాలి, ఏడు మొదలు ఆసు వరకు అయితే తీసుకోవాలి. 12 మీద మాత్రం డీలర్‌కు రెండు లేదా మూడు ఉన్నా ముక్క తీసుకోవడమే మేలు. ఆసుల జతనూ, ఎనిమిదుల జతనూ విడదీయాలి. పదుల జతనూ, అయిదుల జతనూ విడదీయకూడదు.

దీని వెనుక తర్కం సరళమైనది. 16 మీద ముక్క తీసుకుంటే 13 రకాల ముక్కలలో ఎనిమిది రకాలు ఆటగాడిని బస్ట్ చేస్తాయి. డీలర్ ముందు ఆరు ఉంటే నూటికి దాదాపు 42 సార్లు డీలరే బస్ట్ అవుతాడు కనుక వేచి ఉండటం మంచిది. డీలర్ ముందు పది ఉంటే ఆ ఆశ బాగా తగ్గుతుంది కనుక ప్రమాదమని తెలిసినా ముక్క తీసుకోవాలి. మంచి నియమాలు ఉన్న బల్ల వద్ద ఈ వ్యూహాన్ని తప్పకుండా పాటిస్తే నష్టం నూటికి దాదాపు అర్ధ రూపాయికి తగ్గుతుంది. అయితే అది లాభంగా మారదు.

ముక్కలను గుర్తుపెట్టుకుంటే?

గణిత ఆచార్యుడు ఎడ్వర్డ్ థార్ప్ ఐబీఎం 704 కంప్యూటర్‌పై లెక్కలు కట్టి, 1962లో ‘బీట్ ది డీలర్’ అనే పుస్తకం ప్రచురించారు. అప్పటిదాకా పడిన ముక్కలను గమనిస్తూ, పేకలో పదులు, ఆసులు ఎక్కువగా మిగిలినప్పుడు పెద్ద పందెం కాస్తే ఆటగాడికి స్వల్ప ఆధిక్యం వస్తుందని ఆయన నిరూపించారు. క్యాసినోలు మిన్నకుండలేదు. పేకల సంఖ్య పెంచాయి, తరచుగా కలపడం మొదలుపెట్టాయి, అలాంటి ఆటగాళ్లను పంపివేశాయి. ఆన్‌లైన్‌లో కంప్యూటర్ నడిపే ఆటలో సాధారణంగా ప్రతి పంపకానికీ ముక్కలు కొత్తగా కలుస్తాయి. కాబట్టి అక్కడ ఈ విద్యకు తావు లేదు.

కొత్తవారు చేసే పొరపాట్లు

డీలర్ ముందు ఆసు కనిపించినప్పుడు ‘ఇన్సూరెన్స్’ పేరిట మరో పందెం కాయమంటారు. డీలర్‌కు బ్లాక్‌జాక్ వస్తే ఆ పందానికి రెండింతలు ఇస్తారు. పేరు బీమా అయినా దీనివల్ల రక్షణ లేదు. ఒకే పేకలో ఆటగాడి చేతిలో పది విలువ గల ముక్క లేనప్పుడు, కనిపించని 49 ముక్కలలో పది విలువ గలవి 16. వంద రూపాయల చొప్పున 49 సార్లు కాస్తే 16 సార్లు 3,200 రూపాయలు వస్తాయి, 33 సార్లు 3,300 రూపాయలు పోతాయి.

కొన్ని క్యాసినోలలో బ్లాక్‌జాక్‌కు 150 రూపాయలకు బదులు 120 మాత్రమే ఇస్తారు. చూడటానికి చిన్న తేడాయే అయినా, దీనివల్ల ఆటగాడి నష్టం నూటికి సుమారు ఒక రూపాయి 40 పైసలు పెరుగుతుంది.

వీటన్నిటికన్నా ప్రమాదకరమైనది, ఓడిన ప్రతిసారీ పందెం రెట్టింపు చేసే పద్ధతి. వంద రూపాయలతో మొదలుపెట్టి వరుసగా ఏడుసార్లు ఓడితే పోయిన మొత్తం 12,700 రూపాయలు. ఎనిమిదో ఆటకు 12,800 పెట్టాలి. అది గెలిచినా చివరకు మిగిలేది వంద రూపాయలే.

గంటకు 60 ఆటలు వంద రూపాయల చొప్పున ఆడితే, వ్యూహం పాటించే వ్యక్తికి సగటు నష్టం 30 రూపాయలు. డీలర్‌ను అనుకరించే వ్యక్తికి 330. అయితే ఒక్క గంటలో ఫలితం వందల రూపాయలు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగిసలాటలో వచ్చిన గెలుపును ఆటగాడు తన నేర్పుగా భావిస్తాడు. ఆట కొనసాగేకొద్దీ సగటు తన పని తాను చేసుకుపోతుంది.

మన దేశంలో చట్టం

రాజ్యాంగం ప్రకారం పందేలు, జూదం రాష్ట్రాల జాబితాలోని అంశాలు. గోవా, సిక్కిం రాష్ట్రాలు తమ చట్టాల మేరకు లైసెన్సులతో క్యాసినోలను అనుమతిస్తున్నాయి. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు 1968లో తీర్పు చెప్పింది. అయినప్పటికీ ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధిస్తూ తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను సవరించాయి. పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. అలాంటి ఆటలను నిర్వహించేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించే వీలు కల్పించింది.

బ్లాక్‌జాక్‌ను డబ్బు ప్రమేయం లేకుండా, ఇంట్లో చింతగింజలనో గవ్వలనో పందెంగా పెట్టుకుని ఆడితే అది సంభావ్యతా గణితానికి చక్కని పాఠం. హైస్కూలు విద్యార్థులు సైతం ఆసక్తితో నేర్చుకోగల లెక్కలు అందులో ఉన్నాయి. సొమ్ము చేరినప్పుడు మాత్రం ముందు ఆడేవాడికే నష్టమన్న నియమం గుర్తుంచుకోవాలి. పందేల వ్యసనంతో మానసిక వేదనకు గురవుతున్నవారు, వారి కుటుంబ సభ్యులు కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ ఉచిత సహాయ కేంద్రాన్ని 14416 నంబరుపై సంప్రదించవచ్చు.