యంత్రములో యంత్రము

అష్టావధాన సభలో ఎనమండుగురు పృచ్ఛకులు అవధానిని చుట్టి కూర్చుందురు. ఒకడు సమస్య నిచ్చును. ఒకడు దత్తపది నడుగును. మరియొకడు గంట మ్రోయించి లెక్క చెప్పుమనును. అవధాని ఒక్కడే. అయినను తన వంతు వచ్చినపుడు ప్రతి పృచ్ఛకునకును అవధాని చిత్తమంతయు తనయందే నిలిచినట్లు తోచును. కంప్యూటరులో దీనిని బోలిన ఏర్పాటొకటి కలదు. దానిని వర్చువల్ మెషీను అందురు. తెలుగున కల్పితయంత్రమనవచ్చును.

ఒక ప్రత్యేకమైన ప్రోగ్రాము కంప్యూటరులో నడచుచు, ఆ కంప్యూటరులోనే మరియొక కంప్యూటరున్నట్లు భ్రమ కల్పించును. లోపలి దానికి వేరుగ మెమరీ, వేరుగ డిస్కు, వేరుగ నెట్‌వర్కు ఉన్నట్లే యుండును. నిజమునకు ఆ డిస్కు బయటి కంప్యూటరులోని యొక పెద్ద ఫైలు మాత్రమే. బయటి యంత్రము ఆతిథేయి; లోపలిది అతిథి. ఈ యుపాయము నేటిది కాదు. అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థవారు 1960 తరువాతి దశకములోనే తమ పెద్ద కంప్యూటర్లపై దీనిని సాధించిరి.

ప్రోగ్రాములు వ్రాయువారికి ఇది మిక్కిలి యక్కరకు వచ్చినది. "నా కంప్యూటరులో చక్కగా నడచినది నీ కంప్యూటరులో ఏల నడవదు?" అను తగవు వారిలో నిత్యమును ఉండెడిది. 2010లో మిచెల్ హషిమొటో అను యువకుడు వేగ్రంట్ అను సాధనమును వెలువరించెను. ఏ ఆపరేటింగ్ సిస్టము కావలెనో, ఎంత మెమరీ కావలెనో ఒక చిన్న ఫైలులో వ్రాసియుంచి, 'వేగ్రంట్ అప్' అని యొక్క ఆజ్ఞ నిచ్చిన చాలును. ముందుగనే సిద్ధపరచిన 'బాక్సు' అను ప్రతిరూపమును అది తెచ్చుకొని కల్పితయంత్రమును నిలబెట్టును. పదిమంది పది యూళ్ళలో నున్నను అందరికిని ఒకే తీరు యంత్రము లభించును. దాదాపు పదేండ్లు ఈ యేర్పాటు నిరాటంకముగ సాగెను. ప్రోగ్రామర్ల లాప్‌టాపులలో మిక్కిలిగ ఇంటెల్ భాష నెరిగిన ప్రాసెసరులే యుండుట దానికి ఆధారము. ఇంటి పునాదివలె ఆ సంగతి కంటికి కనబడలేదు; కనుక ఎవరును తలచుకొననులేదు.

2020 నవంబరులో ఆ పునాది కదలినది. ఆపిల్ సంస్థ ఇంటెల్ ప్రాసెసరులను విడువ నారంభించి, ఆర్మ్ పద్ధతిపై తాను రూపొందించిన ఎం1 ప్రాసెసరుతో లాప్‌టాపులను విడుదల చేసెను. ఆర్మ్ జన్మస్థానము ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరము. అచట ఏకార్న్ సంస్థలో సోఫీ విల్సన్ ఆజ్ఞాభాషను కూర్పగా, స్టీవ్ ఫర్బర్ ప్రాసెసరు నిర్మాణమును తీర్చెను. 1985 ఏప్రిల్ 26వ తేదీన తొలి ప్రాసెసరు పనిచేసెను. విద్యుత్తును కొలువబోగా ముల్లు సున్న వద్దనే నిలిచెనట! పరీక్షించి చూడగా, ప్రాసెసరునకు విద్యుత్తు నందింపవలసిన దారి కలియనేలేదు. ఇతర తీగెలనుండి చొరబడిన కొలది విద్యుత్తుతోనే అది పనిచేయుచుండెను. ఇంత మితాహారి గనుకనే ఆర్మ్ సెల్‌ఫోనులలో స్థిరపడి, తరువాత లాప్‌టాపులకు వచ్చినది.

క్రొత్త లాప్‌టాపులు కొన్నవారు అలవాటు చొప్పున 'వేగ్రంట్ అప్' అనిరి. యంత్రము లేవలేదు.

కారణము భాష. ప్రతి ప్రాసెసరునకును తనదైన ఆజ్ఞాభాష యుండును. 'వచ్చిన చోటికి తిరిగి పొమ్ము' అను ఆజ్ఞ ఇంటెల్ భాషలో ఒక్క బైటు. నేటి 64 బిట్ల ఆర్మ్ భాషలో నాలుగు బైట్లు. ఇంటెల్ ఆజ్ఞలు ఒకటి మొదలు 15 బైట్ల వరకు హెచ్చుతగ్గులుగ నుండును. ఈ ఆర్మ్ ఆజ్ఞలన్నియు నాలుగేసి బైట్లే. కల్పితయంత్రము డిస్కును కల్పింపగలదు, నెట్‌వర్కును కల్పింపగలదు. ప్రాసెసరు భాషను మాత్రము కల్పింపదు. 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అను శాస్త్రజ్ఞులు దీని లక్షణమును నిర్వచించుచు, అతిథి యాజ్ఞలలో అత్యధిక భాగమును నిజమైన ప్రాసెసరే నేరుగ నిర్వహింపవలెనని చెప్పిరి. దాని వేగమునకు అదియే మూలము. పాత బాక్సులో నున్నవన్నియు ఇంటెల్ ఆజ్ఞలు. ఆర్మ్ వాటిని ఎట్లు గ్రహించును?

అవధానికి రాని భాషలో పృచ్ఛకు డడిగినచో నడుమ ద్విభాషి కావలెను. సభ నడచును గాని వేగము తగ్గును. ఫ్రాన్సు దేశీయుడైన ఫబ్రీస్ బెల్లార్డ్ 2003లో వెలువరించిన క్యూఎము అట్టి ద్విభాషి. అది ఒక భాషలోని ఆజ్ఞల గుంపును మరియొక భాషలోనికి మార్చి, ఆ యనువాదమును దాచుకొని మరల మరల వాడుకొనును. అయినను ఒక్క ఆజ్ఞకు పెక్కు ఆజ్ఞలు వెచ్చింపవలసి వచ్చుటచే, ఆపరేటింగ్ సిస్టమంతయు ఇట్లు నడపినచో పని మందగించును. ఆపిల్‌వారి ద్విభాషి పేరు రోసెట్టా. ఈజిప్టు దేశమున 1799లో దొరికిన బహులిపి శిలాశాసనమును ఆ పేరు తలపించును. 2022నుండి అది లినక్స్ అతిథులకును తోడ్పడుచున్నది. కాని లోపలి లినక్స్ ఆర్మ్ భాషదే కావలెను. దానిపై నడచు ప్రోగ్రాములు మాత్రము ఇంటెల్ భాషవైనను బాధలేదు. కాలక్రమమున ఈ సేవను పరిమితము చేయుదుమని ఆపిల్ సంస్థ 2025లో ప్రకటించినది గనుక, దానినే నమ్ముకొని యుండుట వివేకము కాదు.

చక్కని మార్గము బాక్సునే ఆర్మ్ భాషలో మరల సిద్ధపరచుట. అపుడు ద్విభాషితో పనిలేదు; అతిథి పూర్ణవేగమున నడచును. వేగ్రంట్ తొలినుండి ఆధారపడిన వర్చువల్‌బాక్స్ సయితము 2024లో వెలువడిన 7.1 సంచికనుండి ఆపిల్ ఆర్మ్ లాప్‌టాపులపై ఆర్మ్ అతిథులను నడుపుచున్నది. ఐనను ఒక చిక్కు మిగిలియే యున్నది. లాప్‌టాపులో ఆర్మ్ బాక్సుపై పరీక్షించిన ప్రోగ్రాము తుదకు ఇంటెల్ సర్వరుపై నడువవలసినదైనచో, పరీక్ష యొకచోట, పని మరియొకచోట నయ్యెను. వేగ్రంట్ ఏ తగవును తీర్ప వచ్చెనో ఆ తగవే తిరిగి తలయెత్తును. అమెజాన్ సంస్థ 2018నుండి ఆర్మ్ సర్వరులను అద్దెకిచ్చుచున్నది. అట్టి సర్వరుపై నడచువానికి ఆర్మ్ లాప్‌టాపే సరియైన పరీక్షాస్థలము. కావున నేర్పరులు బాక్సును దెచ్చుటకు ముందు లాప్‌టాపులోను సర్వరులోను 'యూనేమ్ -ఎం' అను ఆజ్ఞ నిచ్చి, ఏ యంత్రము ఏ భాష మాటాడునో కనుగొందురు.